ముడి పడని దారం

మొన్న సాయంత్రం దేవుడి దగ్గర దీపం వెలిగించి వచ్చేసరికి మా మనవరాలు టీవీ ముందు కాళ్ళు చాపుకొని కబడ్డీ చూస్తోంది. మా కాలంలో దాన్ని చెడుగుడు అనేవాళ్ళం. ఇప్పుడు మెత్తటి పరుపుల మీద ఆడుతున్నారు, ఒంటికి దుమ్మన్నది అంటదు. ఆట మధ్యలో ఆపి తెర మీద లెక్కలు వేశారు. ఎవరు ఎన్నిసార్లు కూతకు పోయాడు, ఎంతమందిని తాకి వచ్చాడు, పక్క వరుసలో ఎవరు ఎంతమందిని పట్టి ఆపాడు. "పట్టినోళ్ళకు కూడా లెక్క ఉంటాదా?" అన్నాను. "లేకుంటే ఎట్లవ్వా? సగం ఆట అదే కదా" అంది అది, నా వైపు తిరగకుండానే. నేను చేతిలో అగ్గిపెట్టె అట్లాగే పట్టుకొని కుర్చీలో కూర్చుండిపోయాను. ఆ పిల్లకు పుట్టుకతో తెలిసినట్టున్న ఆ సంగతి నాకు తెలిసేలోపు ఒక మనిషి బతుకుతెరువు చేయి దాటిపోయింది.

మాది ఎమ్మిగనూరు, మగ్గాల ఇల్లు. ఇంట్లో నూలు కండెలు చుట్టే చేతులు తక్కువ కావడంతో నన్ను బడికి పంపలేదు. అందుకు నాకు దిగులేమీ లేదు. మా తాత రాట్నం పక్కన కూర్చొని అక్షరాలూ, ఎక్కాలూ, భాగహారాలూ అన్నీ నేర్పించాడు. ఉరుకుంద ఈరన్న స్వామికి దండం పెట్టుకున్న ప్రతిసారీ తాతకు కూడా ఒక దండం పెట్టుకుంటాను. ఆయన లెక్కలన్నీ నూలు లెక్కలే. "వీడు ఎన్ని చీరలు నేసినాడు అని అడగాకుమ్మే, ఇచ్చిన నూలుకు ఎన్ని నేసినాడు అని అడుగు. మనిషి విలువ ఆడ తెలుస్తాది" అనేవాడు. ఆ మాట నా బుర్రలో బాగా నాటుకుంది. నాటుకోకుండా ఉంటే బాగుండేదేమో అని ఇప్పుడనిపిస్తుంది గానీ, అది తాత తప్పు కాదు.

మా ఇంటి వెనక ఒక బయలు ఉండేది. పొద్దున పూట అక్కడ పడుగులు సాచేవాళ్ళు. అంటే మగ్గం ఎక్కబోయే నిలువు దారాలను వీధి పొడవునా లాగి కట్టి గంజి పట్టించేవాళ్ళు. గంజి సరిగ్గా పట్టకపోతే మగ్గం మీద దారం పుటుక్కున తెగుతుంది. చీర అయ్యాక మాత్రం మొదటి ఉతుకులోనే ఆ గంజి పోతుంది, కట్టుకున్నవాళ్ళకు అదొకటి ఉండేదని కూడా తెలియదు. సాయంత్రం ఎండ చల్లబడ్డాక అదే బయల్లో మా వీధి మగవాళ్ళు పక్క వీధివాళ్ళతో చెడుగుడు ఆడేవాళ్ళు. గంజి కేంద్రాల ముందు జనం వరుసలు కట్టిన కరువు దాటి, కడుపుకు కాస్త జొన్నరొట్టె దొరుకుతున్న రోజులవి. తిన్నది ఒంటికి పట్టగానే మనుషులకు ఆటలు గుర్తొచ్చాయి.

వోణీ వేసుకున్న పిల్లనని నన్ను మగవాళ్ళ మధ్యకు పోనిచ్చేవాళ్ళు కాదు. మా మిద్దె మీద పిట్టగోడ పక్కన కూర్చొని చూసేదాన్ని. ఊరికే చూడటం నాకు చేతకాదు. మగ్గం దగ్గర పడేసిన రంగు దారపు ముక్కలు ఏరుకొచ్చి ఆటగాడికొక రంగు పెట్టాను. ఊపిరి బిగపట్టి అవతలి జట్టులోకి పోవడాన్ని కూత అంటారు కదా, ఒకడు కూతకు పోయినప్పుడల్లా వాడి పేర పెట్టిన డబ్బాలో ఒక చింతగింజ, ఎవరినైనా తాకి తిరిగొస్తే వాడి దారానికి ఒక ముడి. ఆట అయ్యాక గింజల్ని ముడులతో పోల్చి చూసేదాన్ని. అప్పటిదాకా వీధంతా మొనగాడనుకున్నవాడు ఊరికే ఎక్కువసార్లు పోతున్నాడు కాబట్టే ఎక్కువ మందిని తాకుతున్నాడని తేలింది. మా మేనత్త కొడుకు, నాకు బావ, తక్కువసార్లు పోయినా పోయిన ప్రతిసారీ దాదాపుగా ఎవరినో ఒకరిని తాకే వచ్చేవాడు. ఇచ్చిన నూలుకు ఎన్ని చీరలు అన్న లెక్కలో బావదే పైచేయి. ఇందులో నా మనసు వేసిన ముడి ఒక్కటి కూడా లేదు, స్వామి సాక్షి.

ఆ పిచ్చి ముదిరి పాతకాలం ఆటగాళ్ళ మీదికి కూడా పోయాను. తాత కాలంలో కోడుమూరు వైపు ఒక మొనగాడు ఉండేవాడట, ఒక్క కూతలో జట్టు మొత్తాన్ని తాకి వచ్చాడని తాత చెప్పేవాడు. ఆ ఆట చూశామన్న ముసలివాళ్ళు మా వీధిలో ఇంకొందరు ఉంటే, ఒకరు చెప్పింది ఇంకొకరి చెవిన పడకుండా విడివిడిగా అడిగాను. ఇద్దరి మాట కలిసిన చోటే ముడి వేశాను. చివరకు ఆ మొనగాడి దారం మా వీధి మామూలు ఆటగాడి దారంలా తేలింది. తాత అది చూసి, "ఏందిమ్మే ఇది! సచ్చినోడిని మళ్ళా సంపినావు కదే!" అని రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఎంతమందిని తాకాడని అందరినీ అడిగాను గానీ, ఆయనను పట్టి ఆపింది ఎవరని ఒక్కరినైనా అడగాలని నాకు తోచలేదు. వాళ్ళూ చెప్పలేదు.

మా జట్టులో నందవరం నుంచి వచ్చిన ఒక కూలి మనిషి ఉండేవాడు. నాకు వరసేమీ కాదు, నందవరం అన్న అని పిలిచేదాన్ని. ఊళ్ళో సేద్యం పనులు లేక, భార్యనూ ఇద్దరు బిడ్డలనూ వెంటబెట్టుకొని మా వీధిలో పడుగులకు గంజి పట్టే పనికి చేరాడు. ఆదివారం పొద్దున ఎంత పని ఉన్నా చర్చికి పోయి వచ్చాకే గంజి ముట్టేవాడు. చెడుగుడులో ఆయన కూతకు పోయేవాడు కాదు. మూలన నిలబడి వచ్చినవాడి మడమ పట్టేవాడు. ఆయన పట్టగానే మిగతావాళ్ళంతా మీద పడేవాళ్ళు, దుమ్ము లేచేది. మిద్దె మీది నుంచి నాకు కనిపించేది దుమ్మూ వీపులే. అడుగున ఎవరున్నారో, మొదట ఎవరు పట్టారో తెలిసేది కాదు. తెలియనిదానికి ముడి వేయకూడదన్నది నా నియమం. ఆయన వంతు వచ్చేసరికి రంగులు అయిపోయి తెల్ల దారం పెట్టాను, అది నెలల తరబడి నున్నగా అట్లాగే ఉండిపోయింది.

అప్పుడు ఆదోని నుంచి కబురొచ్చింది. అక్కడి పత్తి మిల్లువాళ్ళు ఒక జట్టు పెట్టుకున్నారు, మా వీధివాళ్ళను ఆటకు రమ్మన్నారు. బాగా ఆడినవాడికి మిల్లులో పని కూడా ఇస్తారని చెప్పుకున్నారు. నెల తిరిగేసరికి జీతం చేతికొచ్చే పని అంటే మా వీధిలో ఎవరికీ ఎరుక లేని భాగ్యం. మా చిన్నాన్న జట్టుకు పెద్ద. ఎనిమిది మంది ఆటగాళ్ళున్నారు, పోవలసింది ఏడుగురు. ఆయన మిద్దె ఎక్కి వచ్చి నా దారాలన్నీ పిట్టగోడ మీద పరిపించాడు.

"ఎవురిని నిలిపేద్దామ్మే?"

మాట్లాడే పని దారాలే చేశాయి. చిన్నాన్న తెల్ల దారం ఎత్తి ఎండకు పెట్టి చూశాడు. "దీనికి ఒక్క ముడీ ల్యాదే!" అన్నాడు. "ఎవురిది?"

చెప్పాను.

"పాపం మంచోడే" అన్నాడు చిన్నాన్న. "అయినా లెక్క లెక్కే గదా."

నందవరం అన్న ఆ ఆట కోసం ఖాకీ నిక్కరు ఒకటి కుట్టించుకున్నాడని అప్పటికి నాకు తెలియదు. పత్తి బోరాలతో ఆదోని పోయే లారీ వీధి చివర నిలబడ్డప్పుడు మా జట్టంతా బోరాల మీద ఎక్కి కూర్చుంది. బావ పంచె ఎగ్గట్టుకొని ఎక్కబోతుంటే నందవరం అన్న చంకలో మూట విప్పి నిక్కరు తీసి ఇచ్చాడు.

"ఇది ఏసుకోప్పా. మిల్లోళ్ళ ముందర పంచె ఊడితే మన ఈది మానం పోతాది."

"నీకు వద్దా అన్నా?" అన్నాడు బావ.

"ఈడ గంజి కుండకు ఎందుకప్పా నిక్కరు?" అని నవ్వాడు. అందరూ నవ్వారు. మిద్దె మీద నేనూ నవ్వాను.

మరునాడు జట్టు తిరిగొచ్చింది, తలల నిండా తెల్లటి పత్తి పింజెలతో, ముసలివాళ్ళయి వచ్చినట్టు. ఓడిపోయారు. మావాళ్ళు బాగానే తాకారట, అవతలి నుంచి వచ్చినవాణ్ణి మాత్రం ఒక్కణ్ణీ ఆపలేకపోయారట. "ఆల్లు మన గీత లోపలికి వచ్చి, సంతలో తిరిగినట్ల తిరిగి పోయినారు" అన్నాడు చిన్నాన్న. అంటూనే ఆగి, నా వైపు చూసి, తల దించుకున్నాడు. ఇన్నాళ్ళూ వచ్చినవాణ్ణి ఆపుతున్నది ఎవరో ఆయనకు అప్పుడే అర్థమైంది. నాకూ అప్పుడే. మిల్లువాళ్ళు బావను మాత్రం పనికి రమ్మన్నారు.

ఆ పక్క రోజు పొద్దున నందవరం అన్న పడుగు ముందు ఉన్నాడు, కుంచె చేతిలో పట్టుకొని, ఎప్పటిలాగే. నేను దగ్గరికి పోయి నిలబడ్డాను. చేతిలో ఆయన దారం ఉంది.

"అన్నా, నువ్వు పట్టేది నాకు ఆడినుంచి కనపడలేదు. దుమ్ము" అన్నాను.

"దుమ్ములో ఉండేటోడు దుమ్ములోనే గదమ్మా కనపడేది" అన్నాడు, కుంచె ఆపకుండా.

"ఇప్పటి నుంచి నీకూ ముడి వేస్తా. నువ్వు పట్టినప్పుడు ఒక చెయ్యి పైకెత్తు. సూసి వేస్తా."

ఆయన సరేనన్నాడు. ఇప్పుడు తలుచుకుంటే చిన్నపిల్ల మనసు ఎందుకు నొప్పించాలని ఒప్పుకున్నాడనిపిస్తుంది. ఆ సాయంత్రం ఆట మొదలైంది. అవతలి జట్టు నుంచి ఒకడు కూతకు వచ్చాడు. నందవరం అన్న మూల నుంచి వంగి మడమ పట్టాడు, అందరూ మీద పడ్డారు, దుమ్ము లేచింది. ఆ దుమ్ములోంచి నిజంగానే ఒక చెయ్యి పైకి లేచింది. నేను సంతోషంతో ముడి వేస్తున్నాను. ముడి బిగిసేలోపు వాడు కాలు విదిలించుకొని, అందరి కింద నుంచి జారి, నడిగీత తాకేశాడు. మా జట్టు సగం ఔటయిపోయింది.

"ఏమప్పా, బస్సు ఆపుతాండావా చెయ్యెత్తి?" అని ఎవరో అరిచారు. బయలంతా నవ్వులు. నందవరం అన్న లేచి మోకాళ్ళు దులుపుకొని, మిద్దె వైపు తల ఎత్తి, సిగ్గుపడుతున్నట్టు అన్నాడు.

"చెయ్యెత్తితే పట్టు జారిపోతాదమ్మా."

వేసిన ఆ ఒక్క ముడినీ విప్పేశాను. మరునాడు పొద్దున ఆయనే వచ్చి, "నా దారం ఇయ్యమ్మా, ఈడ పోగు తెగింది, నున్నంగా ఉండాది గదా, అతుక్కుంటాది" అని అడిగి తీసుకొని, తెగిన పడుగు దారానికి దాన్ని కలిపి వేళ్ళతో మెలిపెట్టి, పైన గంజి రాశాడు. ఎక్కడ కలిపాడో నేను చూస్తూండగానే కనపడకుండా పోయింది.

ఆ ఏడే బావతో నా పెళ్ళయింది. ఆదోనిలో మిల్లుకు దగ్గరగా రెండు గదుల ఇల్లు. నెలకు నెలా జీతం, పిల్లల చదువులు, ఈ టీవీ, ఈ కుర్చీ, అన్నిటికీ మొదలు ఆ పనే. స్వామి ఇచ్చాడని రోజూ దండం పెట్టుకుంటాను. పెట్టుకున్న చేతులు దించేటప్పుడు మాత్రం ఏదో అడ్డం పడుతుంది. కాపురానికి వచ్చిన చాలా ఏళ్ళకు, అన్నం తింటూ తింటూ మా ఆయన చెప్పాడు. "ఆ దినం మిల్లు మేస్త్రి ఏమన్నాడో తెలుసునా? కూతకు పోయేటోళ్ళు మాకు శానామంది ఉండారు, పట్టేటోడు దొరుకుతాడేమో అని మిమ్మల్ని పిలిపించినాము అన్నాడు. ఒక్కడూ ల్యాకపోతే ఇంక ఏం జేస్తాడు, నన్ను పెట్టుకున్నాడు." ఆ తర్వాత ఆయన మేస్త్రిని బతిమాలి ఒప్పించి, నందవరం అన్న కోసం ఎమ్మిగనూరు పోయాడు. మా వీధిలో గంజి పట్టే పని తగ్గిపోయిందట. భార్యాబిడ్డలతో సుగ్గికి వలస పోయాడు, ఏ ఊరి చేలల్లో కోతలు కోస్తున్నాడో ఎవరికీ తెలియదు అన్నారు. తిరిగి వచ్చిన కబురు మేము వినలేదు. ఆయనకు ఇవ్వాలని తీసుకుపోయిన నిక్కరు, మోకాలి దగ్గర చిరిగితే నేను కుట్టింది, మళ్ళీ సంచిలోనే ఇంటికి వచ్చింది.

"నువ్వు అబద్ధం లెక్క వెయ్యలేదు గదా, ఎందుకు బాధ?" అనేవాడు మా ఆయన, ఉన్నన్నాళ్ళూ. నిజమే, వెయ్యలేదు. చూసినదాన్ని చూసినట్టే లెక్కపెట్టాను. నాకు కనిపించిందే ఆటంతా అనుకున్నాను, అంతే. ఇప్పుడు టీవీలో ఆ దుమ్మూ లేదు, మిద్దే లేదు. ఎవరు ముందు పట్టారో ఒకటికి నాలుగు సార్లు తిప్పి చూపిస్తున్నారు. మొన్న ఒక మూల ఆటగాడు మడమ పట్టి చివరిదాకా వదలకపోతే మా మనవరాలు చప్పట్లు కొట్టింది. నేనూ కొట్టాను. "నీకు ఈ ఆట తెలుసా అవ్వా?" అంది అది ఆశ్చర్యంగా. సగం తెలుసు అన్నాను.

ఆ తెల్ల దారం కలిసిన చీర ఎవరు కట్టుకున్నారో, ఎప్పుడు చినిగిందో తెలియదు. కాలం నన్ను తాకి, ఊపిరి తెగకుండా ఇంత దూరం పరుగెత్తుకుంటూ వచ్చేసింది గానీ, ఆ ముడి విప్పిన సాయంత్రం మాత్రం దాని మడమ పట్టుకొని, చెయ్యి పైకెత్తకుండా, ఇంకా వదలలేదు.