లక్క పూసిన టాంకీతో బెజవాడకు

1974 జూలై 12, శుక్రవారం. ఉదయం ఆరున్నరకు కంకిపాడులో బస్సు కోసం నిలబడ్డవారు: నేను, మా తమ్ముడి కొడుకు దానియేలు. మాతోపాటు గోనెసంచిలో నీళ్ల ఇంజను తాలూకు చిన్న పెట్రోలు టాంకీ, కార్బురేటరు. నా చేతిలో ఒక సీసా. దానికి కాగితం అంటించి, "పెట్రోలు. సోమవారం బెజవాడ బంకులో కొన్నది" అని రాశాను. కాలవ లాకుల దగ్గర నీటిమట్టం రాసే ఉద్యోగం చేసి రిటైరైనవాణ్ణి. పేరు రాయని సీసా మా ఇంట్లో ఉండదు.

ప్రయాణానికి కారణం నారుమడి. ఈ ఏడు మా వైపు పొలాలకు కాలవ నీరు ఇంకా రాలేదు. దానియేలు మురుగు కాలవ నుంచి నీరు తోడి నారు పోశాడు. ఇంజను పెట్రోలుతో స్టార్టయి, వేడెక్కాక కిరసనాయిలు మీద నడుస్తుంది. సోమవారం కొత్త పెట్రోలు పోశాం. మంగళవారం నుంచి నాలుగుసార్లు దగ్గి ఆగిపోతోంది. మడి నెర్రెలు విచ్చుతోంది. మళ్లీ చల్లడానికి ఇంట్లో విత్తనం లేదు.

ఆరు నలభైకి బస్సు ఎక్కాం. పోరంకి దగ్గర కండక్టరు నా సీసా మీది కాగితం చదివాడు.

"పెట్రోలా? దిగండి మాస్టారూ, దిగండి! అందర్నీ తగలబెడతారా?"

"నేను మాస్టర్ని కాను. మూతకు మైనం పెట్టాను, చూడవయ్యా."

వెనక సీటులో కూరగాయల బుట్ట పెట్టుకున్న ఆవిడ జాలిపడింది. "కొబ్బరినూనె అని రాసుకుంటే పోయేది గదండీ!"

దిగాం. కండక్టరు మాట న్యాయమే. ఈ దారిన వెళ్లేవారు బస్సులో పెట్రోలు తీసుకెళ్లవద్దు. ఇటుకల లారీ ఒకటి ఆగింది. డ్రైవరు బీడీ తీస్తే సీసా చూపించాను. బీడీని చెవి మీద పెట్టుకుని, బెజవాడ దాకా నన్ను ఓరచూపు చూస్తూనే ఉన్నాడు.

ఎనిమిదిన్నరకు బందరు రోడ్డులోని బంకు చేరాం. గుమాస్తా సీసా మూత తీసి వాసన చూశాడు.

"ఈమధ్య స్పిరిట్ కలిపే పంపుతున్నారండీ. పెట్రోలు కరువు గదా."

"ఆ మాట బోర్డు మీద ఏదీ?"

"రాయమని కాగితం రాలేదండీ."

"స్పిరిట్ నీళ్లు పీలుస్తుంది. భూమిలోని మీ టాంకీ అడుగున నీళ్లుంటేనో?"

"మా టాంకీ గొడవ మీకెందుకండీ? బోర్డు కావాలంటే మీరే రాసి పంపండి, కట్టేస్తాను." అక్కడున్నవాళ్లు నవ్వారు.

పది గంటలకు సరఫరాల ఆఫీసుకు వెళ్లాం. పదకొండుంపావుకు ఒకాయన వచ్చాడు. కిరసనాయిలైతే తన సెక్షనట, పెట్రోలు కాదట. బంకుకు బోర్డు పెట్టించమని నేను రాసిచ్చిన అర్జీని పక్క గదిలోని ఆయన రెండుసార్లు చదివాడు.

"మీరు చెప్పింది నిజమేనండీ. కానీ ఆ బోర్డుకి ఏ రంగు, ఎంతెంత అక్షరాలు అన్న నమూనా పైనుంచి రావాలి."

"అది వచ్చేలోగా నారు ఎండుతుంది."

"నారు వ్యవసాయశాఖ వాళ్లదండీ."

ఒంటిగంటకు హోటల్లో భోజనం. గోంగూర పచ్చడి బాగుంది. దానియేలు రెండు ముద్దలు తిని, గోడగడియారం చూస్తూ కూర్చున్నాడు.

రెండింటికి ఆటోనగర్‌లో మెకానిక్కు మస్తాన్ సాహెబు షెడ్డు. ఆయన ఖాళీ సీసాలో సగం దాకా నీళ్లు పోసి, నీటిమట్టం దగ్గర దారం కట్టాడు. పైన మా పెట్రోలు పోసి, గట్టిగా కుదిపి నిలబెట్టాడు. కాసేపటికి నీళ్లు దారం దాటి పైకొచ్చాయి.

"పెట్రోల్లో ఉన్న స్పిరిట్ కిందికి దిగి నీళ్లలో కలిసిందండీ," అన్నాడు. మట్టాలు చూసి బతికినవాణ్ణి, నాకు ఇంకేమీ చెప్పనక్కర్లేదు. బంకువాణ్ణి తిట్టడం మొదలుపెట్టాను.

మస్తాన్ సాహెబు ఈలోగా టాంకీలో వేలు పెట్టి తీశాడు. వేలికి ఎర్రటి జిగురు. కార్బురేటరు నిండా అదే.

"ఎవరో టాంకీ లోపల లక్క పూశారండీ. ఏ మహానుభావుడో!"

దానియేలు షెడ్డు రేకుల వైపు చూశాడు.

"నేనే," అన్నాను. "ఆరేళ్ల కిందట. అతుకు దగ్గర కారుతుంటే."

"లక్క దేంట్లో కరిగించారండీ?"

"స్పిరిట్‌లో."

"మరింకేం పెద్దాయనా! దాంట్లో కరిగేది దాంట్లోనే కరిగింది."

"మన ఊళ్లో ఇంకో నలుగురు కూడా పూశారు గదా పెదనాన్నా," అన్నాడు దానియేలు మెల్లగా. "మీ సలహా వినే."

మస్తాన్ సాహెబు లక్కంతా కడిగి, అతుకుకు తగరంతో మాటు వేసి, కార్బురేటరు గుడ్డతో తుడిచి ఇచ్చాడు. సీసా అక్కడే వదిలేశాం. అయిదుంపావు బస్సుకు తిరిగి బయలుదేరాం. కిటికీ పక్కన కూర్చుని రోజంతా నెమరువేసుకున్నాను. తప్పు నాదీ ఉంది. అయితే స్పిరిట్ అన్న ఒక్క మాట ఆ బంకు మీద ఉంటే, లక్క పూసిన చెయ్యి నాదే కనుక, నేను అక్కడే ఆగిపోయేవాణ్ణి. ఆ ఒక్క మాట రాయడానికి ఊరంతటిలో ఎవరికీ అధికారం లేదట!

మర్నాడు ఉదయం అయిదున్నరకు, ఇంట్లో మిగిలిన ఆ పెట్రోలుతోనే, ఇంజను మూడో తిప్పుకు అందుకుంది. మడికి ఒక మూల నారు మాడిపోయింది. మిగతాది నీళ్లు తాగింది. లక్క సంగతి చెప్పి రమ్మని దానియేలును ఆ నలుగురి ఇళ్లకు పంపి, నేను రేకుముక్క, రంగు డబ్బా ముందేసుకు కూర్చున్నాను.

ఆరు నలభై బస్సుకు నిన్నటి కండక్టరే. రేకు చేతికిస్తే పైకి చదివాడు: "ఈ పెట్రోలులో స్పిరిట్ కలిసినది. లక్క పూసిన టాంకీలో పోయరాదు."

"ఎవరికండీ ఇది?"

"బందరు రోడ్డు బంకు గుమాస్తాకు. రాసి పంపితే కడతానన్నాడు."

కండక్టరు రేకు వెనక్కి తిప్పి చూశాడు. "పెట్రోలు ఏమీ లేదు గదండీ దీంతో?"

"లేదు. అంచులు పట్టుకో నాయనా, రంగు ఇంకా ఆరలేదు."