భాయ్ బిగించిన తలుపు

కర్నూలు పాతబస్తీలో మేము భాయ్ అని పిలిచే వడ్రంగి ఒకాయన ఉండేవాడు. ఏ చెక్కనైనా ముందు వాసన చూసి, తర్వాతే ఉలి తీసేవాడు.

మా చిన్నాయన దగ్గరున్న పాతకాలపు చెక్క బాడీ వ్యాను వెనక తలుపును చెదలు తినేశాయి. సరిపోయే పాత టేకు కోసం భాయ్ కమలాపురం దాకా వెళ్లి, పడగొట్టిన ఇళ్లన్నీ వెతికాడు. ఎక్కడా దొరకలేదు. ఒప్పుకున్న పని వదలలేక, చివరికి తన ఇంటి వీధి తలుపే ఊడదీసి, చిత్రిక పట్టి వ్యానుకు బిగించాడు.

“కొత్త టేకు వంకర పోతాదప్పా. ఇది మా నాయన చేసిన తలుపు,” అన్నాడు. ఆయన గుమ్మానికి గోనెపట్టా వేలాడింది.

ఏడాది తిరగకుండానే చిన్నాయన ఆ వ్యానును సగానికి కోయించి, ముందు భాగాన్ని తన హోటల్లో ఫొటోలు దిగడానికి పెట్టించాడు. సంగతి విని భాయ్ వచ్చాడు.

“వెనక తలుపు యాడుండాదప్పా?”

“పొయ్యిలోకి పోయింది భాయ్. కూచో, బిర్యానీ తినిపో,” అని నవ్వాడు చిన్నాయన.

భాయ్ కూర్చోలేదు.