లింబయ్య మాస్టర్ మోసిన బ్యాగు

కరెంటు పోయినప్పుడు మా కార్ఖానాలో నిశ్శబ్దం ఒక్కసారిగా మీద పడుతుంది. నలభై ఎనిమిది సాంచెలు, అంటే మరమగ్గాలు, పొద్దుటి నుంచి మోగి మోగి ఆగిపోగానే చెవుల్లో సన్నగా గుయ్యిమంటుంది. వేడెక్కిన నూనె వాసన అప్పుడుగానీ ముక్కుకు తెలియదు. పోయిన నెల ఒక మధ్యాహ్నం అలాగే పోయింది. అందరూ చెమట తుడుచుకుంటుండగా, కార్ఖానా వెనక వరస గదుల్లోంచి ఒక ఆడమనిషి కేక వినిపించింది. సాంచెలు నడుస్తుంటే ఆ కేక మాకు చేరేదే కాదు. వెంటనే నా కాళ్ళు కదిలాయి. అలా కదలడం నా పుట్టుబుద్ధి కాదు. నాకది నేర్పిన లింబయ్య మాస్టర్ పోయి రెండేళ్ళయింది. ఆయన్ను ఎరగని మీకు ముందు ఆయన గురించి చెప్పాలి.

మాస్టర్ అంటే బడి పంతులు కాదు. సూరత్‌కు బతకొచ్చిన మా తెలుగువాళ్ళు సాంచెలు బాగుచేసేవాణ్ణి మాస్టర్ అంటారు. జగిత్యాల వైపు పల్లె నుంచి కుర్రతనంలోనే వచ్చిన పొట్టి మనిషి, చెవి మీద ఎప్పుడూ ఒక బీడీ. గుమ్మంలో నిలబడి, అంత మోతలోనూ, “పదిహేడో నంబరు జూడుపో,” అనేవారు. పోయి చూస్తే పదిహేడో నంబరులో ఏదో ఒక నట్టు వదులై ఉండేది. మా పనిలో ఒక అలవాటుంది. ఏ సాంచె తేడాగా మోగినా దగ్గరున్నవాడు చెయ్యి చాపి ఆపేస్తాడు. అది ఎవరిది, వాడికీ మనకూ పడుతుందా పడదా అని చూడడు. ఆలస్యమైతే గజాలకొద్దీ బట్ట పాడవుతుంది మరి. ఆ అలవాటును కార్ఖానా గడప దాటించి మా వాడలోకి తెచ్చింది మాస్టరే. అది మొదట నా గుమ్మంలోకే వచ్చింది.

అప్పుడు మేం సూరత్‌లోనే భేస్తాన్ అనే వాడలో ఉండేవాళ్ళం. మాస్టర్‌ది మా పక్క గది, మధ్యలో ఒకటే గోడ. నాకు పెళ్ళయి మూడేళ్ళు. నా భార్య లత ఇంట్లోనే చీరలకు స్టోన్లు అతికించేది. బయట చీరలు మడతపెట్టే పనికి పోతానని ఆ సాయంత్రం మూడోసారి అడిగింది. వద్దన్నాను. ఎందుకు వద్దని అడిగింది. కొట్టాను. అది మొదటిసారి కాదు, ఆ సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తున్నాను. రెండో దెబ్బ పడగానే మాస్టర్ వచ్చి మా తలుపు దడదడా బాదారు.

“ఇది మా ఇంట్ల ముచ్చట మాస్టర్. మీరు పోండ్రి,” అన్నాను.

“పక్కోని సాంచె బట్టను నములుతుంటే ఎవలదని అడుగుతవా సతీశ్? ముందుగాల ఆపుతవు గదా. జర బయటికి నడువు.”

మర్నాడు సెలవు. మాస్టర్ మావాళ్ళను పదిమందిని మేడ మీద కూర్చోబెట్టారు. మా ఊళ్ళ పద్ధతే అది. పెద్దమనుషులు కూర్చుంటారు, మొగుణ్ణి నాలుగు తిడతారు, ఇంకెప్పుడూ కొట్టనని ప్రమాణం చేయిస్తారు. నేను తల వంచుకుని ప్రమాణం చేశాను. అందరూ భుజం తట్టారు. టీ తాగారు. ఆ టీ పెట్టి తెచ్చింది లతే. ఎడమ చెంప కమిలిపోయి ఉంది. కప్పులు పంచింది, తాగాక ఏరుకుంది, కిందికి వెళ్ళిపోయింది. ఆమెను ఒక్కరూ ఒక్క మాట అడగలేదు. అడగాలని మాకు తట్టనే లేదు.

నెల తిరగలేదు. పదిమందిలో నా పరువు పోయిందన్న కోపం లోపల ఉడుకుతూనే ఉంది. మళ్ళీ కొట్టాను, ఈసారి ఇంకా ఎక్కువ. మాస్టర్ వచ్చారు, వెంట ఆయన భార్య గంగవ్వ. ఆయన నా వైపు చూడనైనా చూడలేదు. పోయి లతకు ఎదురుగా నేల మీద కూర్చున్నారు.

“బిడ్డా, పోయినసారి నిన్ను అడుగుడు మర్సినం. ఇప్పుడు అడుగుతున్న. ఏం జేద్దామో నువ్వు చెప్పు. పోలీసుల కాడికి పోదామన్నా నేనొస్త.”

లత కొంగుతో ముఖం తుడుచుకుంది. తర్వాత, “అమ్రోలిల మా అక్క కాడికి పోత మామా. రేపు గాదు, ఇప్పుడే పోత,” అంది.

గంగవ్వ సాయం పట్టగా ఒక నీలం బ్యాగులో నాలుగు చీరలు సర్దుకుంది. నేను గుమ్మానికి అడ్డం నిలబడ్డాను. మాస్టర్ ఆ బ్యాగు భుజాన వేసుకుని, “జరుగు,” అన్నారు. జరిగాను. ఆటో ఎక్కించి, తాపీ నది దాటించి, లతను వాళ్ళక్క ఇంట్లో దింపి వచ్చారు. మాస్టర్ నా సంసారం కూల్చాడని నేను కార్ఖానా అంతా చెప్పుకుతిరిగాను. లత ఇక రాదేమోనన్న భయం లోపల తినేస్తుంటే, పైకి ఆయన్ను తిడుతూ కూర్చున్నాను.

తర్వాతి సెలవు రోజున ఆయన మళ్ళీ ఆ పదిమందినే పిలిచారు. ఈసారి టీ ఆయనే పెట్టి తెచ్చారు.

“పోయినసారి మనం కూసున్నం, మనమే మాట్లాడుకున్నం, మనకు మనమే మాఫీ జేసుకున్నం. దెబ్బలు తిన్న పిల్ల మనకు చాయ్ పోసింది. కూసోవెట్టింది నేనే. ముందుగాల తప్పు నాది.”

“ఆడోళ్ళ ముచ్చట్ల మనకేం పని మాస్టర్?” అన్నాడు ఒకాయన.

“కొట్టేది ఎవలు? మనమే గదా. గిది మగోళ్ళ ముచ్చటే.”

మా కూటం ఆ రోజు మొదలైంది. దానికి పేరు లేదు, బోర్డు లేదు. పద్ధతి మాత్రం గట్టిది. గోడ అవతల చప్పుడైతే ఇద్దరు కలిసి పోయి ఆపాలి. ఆపాక ఆమెను అడగాలి, ఆమె ఏది చెబితే అది చెయ్యాలి. కొట్టినవాడు మేడ మీదికి వచ్చి, తాను చేసింది తన నోటితో చెప్పాలి.

రెండు నెలలకు గంగవ్వ ద్వారా లత కబురు పంపింది. తాను పనికి పోతుంది. నేను చేసింది పదిమందిలో చెప్పాలి. ఆ నీలం బ్యాగు సర్ది సర్దినట్టే ఇంట్లో ఉంటుంది, ఎప్పుడు పోవాలనిపిస్తే అప్పుడు పోతుంది. సరేనన్నాను. మేడ మీద లేచి, “ఆమె ఎదురు మాట్లాడితే...” అని మొదలుపెట్టాను. మాస్టర్ చెయ్యెత్తి ఆపారు.

“ఆమె ముచ్చట ఆమె చెప్పుకుంటది. నీది చెప్పు.”

చెప్పాను. ఎన్నిసార్లు కొట్టానో, దేనికి కొట్టానో, అన్నీ. ముగించాక ఎవరూ భుజం తట్టలేదు. మాస్టర్ ఖాళీ కప్పులు నా ముందుకు జరిపి, “కడుగుపో,” అన్నారు.

లత వచ్చింది. బ్యాగు తలుపు వెనక మేకుకు ఎక్కింది. ఆ తర్వాత నేను ఆమె మీద చెయ్యెత్తలేదు. అయినా దాన్ని చూసినప్పుడల్లా నాకు పొడిచినట్టుండేది. మూడేళ్ళు ఓర్చుకుని ఒకరోజు మాస్టర్‌తో మొరపెట్టుకున్నాను, దాన్ని తీసెయ్యమని లతకు ఒక మాట చెప్పమని. ఆయన చెవి మీది బీడీ తీసి నవ్వారు.

“బ్యాగు సదిరే ఉన్నది, తలుపు తెరిసే ఉన్నది. అయినా పిల్ల నీ ఇంట్ల ఉంటున్నది. గది నీకు తక్కువ ఇజ్జతా?”

పోయిన నెల ఆ కేక విని నేనూ ఇంకో పనివాడూ పోయి తలుపు కొట్టాం. తీసినవాడు మా తెలుగు కుర్రాడే. “మా ఇంట్ల ముచ్చట, మీకేంది?” అన్నాడు. ఆ మాటలు నావే కదా, వాడి మీద కోపం కూడా సరిగ్గా రాలేదు. పక్కకు తప్పించి లోపలికి పోయి, గోడకు ఆనుకున్న వాడి భార్య ముందు నేల మీద కూర్చున్నాను. “చెల్లె, ఏం జేద్దామో నువ్వు చెప్పు,” అన్నాను. తల్లి దగ్గరికి పోతానంది. బట్టలు పెట్టుకోవడానికి ఆమె దగ్గర ఏమీ లేదు. లతకు ఫోన్ చేశాను. మడత పనిలో ఇప్పుడు పదిమంది ఆడవాళ్ళ మీద మేస్త్రీ మా లత. పని వదిలి, ఇంటికి పోయి, తన చీరలు మంచం మీద పెట్టి, నీలం బ్యాగు ఖాళీగా పట్టుకొచ్చింది. లత తిరిగొచ్చి దాన్ని మేకుకు తగిలించాక, అది ఎవరికోసమైనా మా ఇల్లు దాటడం అదే మొదలు. ఆ పిల్ల బట్టలు అందులో సర్దాక నేను భుజాన వేసుకున్నాను. కుర్రాడు గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు.

“జరుగు,” అన్నాను. జరిగాడు.

నాలుగు రోజులకు బ్యాగు తిరిగొచ్చింది. లత దాన్ని ఉతికి ఆరేసి, తన నాలుగు చీరలు మళ్ళీ మడిచి పెట్టుకుని, తలుపు వెనక తగిలించబోయి నా వైపు చూసింది. ఈసారి నాకు పొడిచినట్టు లేదు. మేకు కొంచెం వదులైనట్టు కనిపిస్తే, సుత్తి తెచ్చి గట్టిగా దిగ్గొట్టాను.