ముందు మేడం నోరు

బిర్యానీలో లవంగం పంటి కింద పడితే మా ఇంట్లో అందరూ వండినవాళ్లను తిట్టుకుంటారు. నాకు మాత్రం నాలుక చివర ఆ మంట మొదలవగానే వసుంధర మేడం గుర్తొస్తారు. జీవితమంతా నోటి క్యాన్సర్ మీద పరిశోధన చేసిన శాస్త్రవేత్త ఆవిడ. నా మొదటి ఉద్యోగం ఆవిడ దగ్గరే. జీపులో పక్కన కూర్చుంటే విజ్ఞానం వాసనేమీ వచ్చేది కాదు, లవంగాల వాసన వచ్చేది. పుచ్చిన దవడపన్ను దగ్గర ఎప్పుడూ ఒక లవంగం పెట్టుకుని ఉండేవారు.

భద్రాచలం అవతలి అడవి ఊళ్లలో చుట్ట తాగేవాళ్ల నోళ్లు చూడటం మా పని. బుగ్గ లోపల కనిపించే తెల్లమచ్చ ప్రతిసారీ క్యాన్సర్ కాదు. కాకపోతే కావడానికి దరఖాస్తు పెట్టుకున్నట్టే. ఆ దశలోనే పట్టుకుంటే మనిషి దక్కుతాడని నిరూపించాలన్నది మేడం తపన. కానీ తెల్లకోటు వేసుకుని నోరు తెరవమంటే ఊరికి ఊరే నోరు మూసుకునేది. అందుకని ఆవిడ ఒక పద్ధతి పెట్టారు. ఇంటి ముందు నేల మీద కూర్చుని, టార్చిలైటు ఇంటామె చేతికిచ్చి, తానే ముందు నోరు తెరిచేవారు. దేశదేశాల సభల్లో ప్రసంగించిన నోరది. జనం వంతులేసుకుని చూసి, "పాన్‌పరాక్ గిట్ల తినదు, మంచి మనిషే" అని తీర్పు చెప్పాక తమవి తెరిచేవాళ్లు.

ముత్తవ్వ దగ్గర ఆ పద్ధతి మేడం మెడకే చుట్టుకుంది. ముత్తవ్వ బీడీలు చుట్టే తునికాకు కోసే మనిషి. కట్టలు కట్టేటప్పుడు కూడా నోట్లోంచి చుట్ట తీసేది కాదు. ఆమె బుగ్గలో అంచులు గట్టిపడిన మచ్చ కనిపించగానే మేడం గొంతు మారింది.

"ఖమ్మం పోదాం ముత్తవ్వా. చిన్న ముక్క తీసి పరీక్ష చెయ్యాలి. ఆలస్యం చేస్తే ప్రాణం మీదికొస్తుంది."

"నొప్పి లేదు, ఏం లేదు. నేనెందుకొస్త?" అంటూ ముత్తవ్వ టార్చి మళ్లీ మేడం నోట్లోకి కొట్టింది. "నీ పన్ను పుచ్చిపోయింది. నొప్పున్నదా?"

"ఉంది."

"మరి దవాఖానాకు ఎందుకు పోలే?"

మేడం నావైపు చూశారు. ఆ జవాబు నా ఉద్యోగంలో భాగం కాదు కాబట్టి నేను ఆకాశం వైపు చూశాను.

"భయం," అన్నారు చివరికి.

"గట్ల చెప్పు. నాకూ గదే. నువ్వు పన్ను పీకిచ్చుకో, నేనొస్త."

ఏళ్ల తరబడి క్యాన్సర్ కణాలతో సావాసం చేసిన మనిషికి పన్ను పీకే పటకారంటే పై ప్రాణాలు పైనే పోయేవి. తిరుగుదారిలో, "మత్తు సూది వేస్తారు కదూ?" అని అడిగారు. "సూదే పెద్దది మేడం," అన్నాను. ధైర్యం చెప్పడం నాకు మొదటినుంచీ చేతకాదు.

మర్నాడు భద్రాచలంలో పళ్ల డాక్టరు కుర్చీలో మేడం, ఆవిడ చెయ్యి పట్టుకుని ముత్తవ్వ. సూది కనిపించగానే మేడం లేవబోయారు. ముత్తవ్వ భుజం నొక్కి కూర్చోబెట్టింది.

"కూసో బిడ్డా. నువ్వు లేస్తే నేను గూడ ఇంటికే."

మేడం కూర్చున్నారు. ఆవిడ చేసిన ప్రయోగాలన్నింటిలోకీ సాహసమైనది అదే. ఫలితాన్ని దూదిలో చుట్టి చేతిలో పెట్టారు. ముత్తవ్వ దాన్ని తిప్పితిప్పి చూసి, "గింతదానికా గంత లొల్లి?" అంటూ ఖమ్మం బస్సెక్కింది. మచ్చ క్యాన్సర్‌గా మారడం అప్పుడే మొదలైందట. చిన్న ఆపరేషన్‌తో తీసేశారు.

మేడం పరిశోధన పత్రం ఒక విదేశీ పత్రికలో వచ్చింది. దాన్ని తమ రచనల్లో ప్రస్తావించినవాళ్లను వేళ్ల మీద లెక్కపెడితే వేళ్లు మిగిలిపోతాయి. ఒకరోజు సంతలో ముత్తవ్వ నన్ను ఆపింది.

"పిలగా, మీ మేడం రాసింది ఎంతమంది చదివిన్రు?"

"మేడం, నేను, ఇంకెవరో కొందరు."

ముత్తవ్వ జాలిపడింది. "అయ్యో పాపం. నా నోరైతే సంతంతా చూసింది."

నిజమే. చుట్టల దుకాణం పక్కనే నిలబడి, వచ్చినవాళ్లకల్లా తన బుగ్గలోని కోత చూపించి, సెల్‌ఫోన్ లైటుతో వాళ్ల నోళ్లూ చూస్తోంది. మచ్చ కనిపిస్తే మా జీపు దగ్గరికి తోలుతోంది. ఈ సంగతి చెబితే మేడం పన్ను లేని సందు కనిపించేలా నవ్వారు.

"అయితే పత్రంలో ముత్తవ్వ పేరు ఉండాల్సింది. నీ పేరు తీసేద్దామా?"

మేడం రిటైరయ్యారు. ఇప్పుడు ఆ జీపులో నేను తిరుగుతున్నాను. ఏ ఇంటికెళ్లినా టార్చి వాళ్ల చేతికిచ్చి, ముందు నేనే నోరు తెరుస్తాను. మొన్న కారేపల్లిలో ఒకావిడ నా దవడలో నల్లటి గుంట కనిపెట్టింది. ఇవాళ బిర్యానీలో లవంగం దొరికితే పారెయ్యకుండా అక్కడే పెట్టుకున్నాను. రేపు ముత్తవ్వ ఊరికి వెళ్లాలి, టార్చి ఆమె చేతికివ్వాలి. అందుకే ఈ సాయంత్రం పళ్ల డాక్టరు గది బయట కూర్చున్నాను. చెయ్యి పట్టుకోవడానికి ఎవరూ లేరు. జేబులో టార్చి ఉంది. దాన్నే గట్టిగా పట్టుకున్నాను.