తెల్ల టైల్

పుల్లలచెరువు దగ్గరి పల్లె నుంచి కోడలు ఫెబీతో మార్కాపురం వచ్చిన ఎలీషబమ్మ, చర్చి ముందు విడిచినట్టే టైల్స్ దుకాణం బయట చెప్పులు విడిచింది. కంది చేలల్లో, మిరప తోటల్లో కూలికి తిరిగిన కాళ్లు అవి. మడమల పగుళ్లలో ఎర్రమన్ను ఎంత తోమినా పోదు. ఇన్నాళ్లూ పేడతో అలుక్కున్న వంటింటికి ఇప్పుడు బండలు వేయించాలి. స్నానానికి నీళ్లు తోడినా, పొయ్యి దగ్గర కూర్చున్నా ఆ నీళ్లనో నేలనో ముందు చేత్తో తాకి చూస్తుంది ఆమె. అది వట్టి అలవాటే అనుకునేది ఫెబీ.

దుకాణం ఆయన కొన్ని రకాలు నేల మీద పరిచి, "నిలబడి చూడు పెద్దమ్మా, ఏది చల్లగుంటే అది తీసుకో," అన్నాడు. ఆమె ఒక్కోదాని మీదా నిలబడి, అన్నిటికీ "బాగనే ఉంది" అనే అంది. నల్లటి కడప బండ దిగి, గరుకైన తెల్ల టైల్ మీద కాలు పెట్టేసరికి దాని మీద ఎర్రగా అడుగు పడింది. పగిలిన టైల్ పెంకు ఒకటి అరికాల్లో దిగి ఉంది.

"అత్తా, రక్తం," అంది ఫెబీ.

ఎలీషబమ్మ వంగి, ఇంకెవరి కాలో చూసినట్టు చూసింది. "షుగరొచ్చినాక కాళ్లకు ఏమీ తెలీడం లేదులే," అంటూ చీర చెంగుతో టైల్ తుడిచింది. "తెల్లది వద్దు నాయనా, మరక కనపడతాది. ఆ నల్ల బండలే ఇయ్యి."

ఫెబీ కింద కూర్చుని, ఆ కాలు ఒళ్లోకి తీసుకుని పెంకు లాగింది. అత్త ముఖంలో ఏ మార్పూ లేదు.

"కనపడాల అత్తా. నీకు తెలీకపోయినా మాకు తెలియాల," అని ఫెబీ దుకాణం ఆయన వైపు తిరిగింది. "తెల్లదే ఇయ్యన్నా."