కొంగ మెడ గేదె

మొన్న మనవరాలి స్కూలు పుస్తకంలో అచ్చువేసిన గండభేరుండం బొమ్మ ఒకటి చూశాను. పిల్ల చేయవలసిందల్లా గీత దాటకుండా రంగు నింపడమేనట, పైన మాత్రం మీ ఊహకు పదును పెట్టండి అని పెద్ద అక్షరాలు. ముప్పై ఏళ్ళకు పైగా డ్రాయింగు మాస్టారుగా బతికినవాణ్ణి, ఒళ్ళు మండిపోయింది. మండి మాత్రం ఏం లాభం, ఈ పాపంలో నాకూ వాటా ఉంది.

అరవయ్యో దశకం చివర్లో నేను తెనాలిలో కాపురముంటూ, రోజూ పొద్దున్నే రైల్లో రేపల్లె వెళ్ళి అక్కడి హైస్కూల్లో పాఠం చెప్పి వచ్చేవాణ్ణి. టెంపరరీ పోస్టు. బాపట్లలో పిల్లల చిత్రాల ప్రదర్శన పెడుతున్నారని, పురాణాల్లోని వింత జీవాల్లాంటివి సొంతంగా ఊహించి గీయించి పంపమని కబురొస్తే, తొమ్మిదో తరగతి వాళ్ళకు వారం రోజులు గొంతు చించుకున్నాను. సింహానికి తొండం పెట్టి యాళిని పుట్టించినవాడూ, మొసలికి చేప తోక తగిలించి మకరాన్ని చేసినవాడూ మనలాంటి మనుషులే కదర్రా, మీరూ ఒకదాన్ని పుట్టించండి అన్నాను.

సోమవారం నాటికి ఒక్క పిల్ల తప్ప అందరూ నరసింహస్వామిని పట్టుకొచ్చారు. అందరిదీ ఒకే స్వామి, ఒక రైసుమిల్లు వాళ్ళు ఆ ఏడు ఇంటింటికీ పంచిన క్యాలెండర్లోది. ఒక మహానుభావుడైతే పాదాల కింద మిల్లు పేరూ, తవుడు దొరుకుతుందన్న ముక్కా కూడా వదలకుండా దించేశాడు. నెత్తి కొట్టుకున్నాను. కానీ బొమ్మ మీద గళ్ళు కట్టి, కాగితం మీదా గళ్ళు కట్టి, ఒక్కో గడీ చూసి దించడమే చిత్రలేఖనమని రెండేళ్ళుగా బెత్తం పట్టుకుని నేర్పింది నేనే కదా!

ఆ ఒక్క పిల్ల పక్క ఊరి నుంచి నడిచి వచ్చేది, తండ్రి లూథరన్ చర్చిలో ఉపదేశి. ఇంట్లో దేవుళ్ళ క్యాలెండర్ లేదు గనుక దించడానికేమీ దొరక్క, నిజంగానే ఊహించింది. గేదె నడుము, దానికి కొంగ మెడ, కింద ఎండ్రకాయ కాళ్ళు. పెన్సిలు బొమ్మే గానీ, ఆ జంతువు పక్కకు తిరిగి చూసే చూపులో ఎంత పొగరో! ఇది ఏ పురాణంలోదమ్మా అని అడిగాను.

“ఏ పురాణంలోనూ లేదండి మాస్టారూ, మా చేలోదండి. దీన్ని బాపట్ల పంపుతారాండి?”

పంపుతానని మాట ఇచ్చాను. హెడ్మాస్టరుగారు మాత్రం చూసి, పురాణమంటే గేదెను పంపుతావేంటయ్యా, నలుగురూ నవ్వరూ అన్నారు. నన్ను ఖాయం చేయమని పైకి రాయవలసింది ఆయనే. ఆ సాయంత్రం, పిల్లకు చెప్పనైనా చెప్పకుండా, రబ్బరు తీసుకుని కొంగ మెడ చెరిపి తొండం పెట్టాను. ఎండ్రకాయ కాళ్ళు తీసేసి సింహం పంజాలు గీశాను. పేరు మాత్రం ఆ పిల్లదే ఉంచాను, అదేదో ఉపకారమైనట్టు.

దానికి మొదటి బహుమతి వచ్చింది. తండ్రీ కూతుళ్ళను నేనే బాపట్ల తీసుకెళ్ళాను. బొమ్మ ముందు ఆ పిల్ల చాలాసేపు నిలబడింది. తర్వాత తన పేరు పిలిచినా కదల్లేదు, తండ్రి కసిరినా కదల్లేదు.

“ఇది మీదండి మాస్టారూ. మీరే వెళ్ళి తెచ్చుకోండి,” అంది. గొంతులో కోపం కూడా లేదు.

ఆ మీదట నా క్లాసులో ఏది దించమంటే అది గళ్ళు కట్టి, ఒక్క గీత తప్పకుండా దించింది. సొంతంగా మళ్ళీ ఏమీ గీయలేదు. మంచి మార్కులే వేశాను, వేసినప్పుడల్లా సిగ్గుపడ్డాను.

నా ఉద్యోగం ఖాయమైంది. ఇప్పుడు చాలా స్కూళ్ళలో ఆ ఉద్యోగమే లేదు, డ్రాయింగు పీరియడును లెక్కలవాళ్ళు లాగేసుకున్నారు, పిల్లలకు తిట్టుకోవడానికైనా ఒక డ్రాయింగు మాస్టారు మిగల్లేదు. రిటైరయ్యాక ఆ జంతువును ఉన్నదున్నట్టు గీసి పెట్టుకుందామని ఎన్నోసార్లు కూర్చున్నాను. గేదె నడుము బాగానే వస్తుంది. మెడ దగ్గరకొచ్చేసరికి, నేను వద్దంటున్నా, చేయి తొండమే గీస్తుంది.