మోకు పట్టిన చెయ్యి

గండికోట దగ్గర పెన్నను చూసినవాళ్లెవరూ మా సీమను ఉత్త ఎండిన నేల అని తీసిపారేయరు. ఏడాదిలో సగం రోజులు చెలమ తవ్వితే తప్ప నీళ్లియ్యని ఆ యేరే కొండను రెండుగా కోసింది. రెండు పక్కలా ఎర్రబండలు, జొన్నరొట్టెలు దొంతర పెట్టినట్టు, కళ్లు తిరిగేంత లోతుకు దిగిపోతాయి. కోట కట్టిన రాజు తెలివికి ఇప్పటికీ మురిసిపోతాను. లోయ వైపు కాపలా యేటికే వదిలేశాడు. రాజులు పోయారు, నవాబులు పోయారు. తెల్లదొరల కాలానికి కోటలో గాదెలు, గుడి, మసీదు, లోయ గోడకు కొండతేనె మిగిలాయి. ఆ తేనె మీదే మా బతుకు.

తేనె తీసేవాడు నడుముకు మోకు కట్టుకుని లోయలోకి దిగుతాడు. పైన ఆ మోకు పట్టేది అతని పెండ్లాం అన్నదమ్ములే కావాలి. తోబుట్టువు తాళి తెగనీయరని మావాళ్ల నమ్మకం. కట్టుబాటు బాగానే ఉంది గానీ, మా ఆయనకూ మా అన్నకూ మాటల్లేవు. పెండ్లిలో మర్యాద తక్కువైందని ఈయన అలక. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చి, ఏడాదిగా నన్ను పుట్టింటి గడప తొక్కనీయలేదు.

ఆ రోజు ఆయన దిగాడు. కింది నుంచి కేక నాకే.

"మీయన్నకు చెప్పు, ఇంకా వదలమను!"

మోకు పట్టుకుని పక్కనే ఉన్న అన్న కూడా నాతోనే అన్నాడు. "యాడిదాకా వదలాలో మీ ఆయన్నే అడుగు!"

నాకు ఒళ్లు మండింది. "ఇద్దరికీ నోళ్లుండాయి కదా, మీరే మాట్లాడుకోండి!" అని మూతి బిగించుకుని కూర్చున్నాను.

అంతలో తేనెటీగలు లేచాయి. మోకు అటూ ఇటూ కొట్టుకుంటోంది, కేక మాత్రం లేదు. ఈ మనిషి చచ్చినా మా అన్నను పిలవడేమోనని లేచి బండ అంచుకు పరుగెత్తాను. తప్పు చేశానని నోరు తెరిచేలోగా లోయంతా మారుమోగింది.

"బావా! లాగు బావా!"

"ఈడనే ఉండా బావా, భయపడొద్దు!"

పైకి వచ్చేసరికి ఆయన మొహం వాచి కళ్లు మూసుకుపోయాయి. అన్న అరచేతులు మోకు రాసుకుని తోలు లేచిపోయాయి. ఆ సంగతి నేను చెప్పగానే ఆయన తడుముకుంటూ ఆ చేతులు పట్టుకుని, భుజానున్న బుట్టలోంచి తేనె తీసి పూశాడు.

"మంటగా ఉండాదా బావా?"

"శానా చల్లగా ఉండాది బావా," అన్నాడు అన్న, పళ్లు బిగబట్టి.

నేను ఏడుస్తూనే ఆయన మొహంలో దిగిన తేనెటీగల ముళ్లు తీశాను. ఆ పూట సంగటి మా పుట్టింట్లోనే తిన్నాం. అన్న చేతులు పనికిరావు గనక, ఆయనే ముద్దలు చేసి తినిపించాడు.